మారుతి 800 హెడ్డు ఫేసింగ్, గాస్కెట్ ఎంపిక: పని డైరీ

ఇది 1998 మోడల్ కార్బ్యురేటర్ మారుతి 800 ఇంజనుకు విశాఖపట్నంలో నేను చేసుకున్న పని లెక్క. మూడు సిలిండర్లు, 796 సీసీ, సిలిండర్లుండే ఇనుప బ్లాకు, వాటిని పైనుంచి మూసే అల్యూమినియం హెడ్డు, రెండింటి మధ్య లీకు కాకుండా ఆపే గాస్కెట్. అనంతగిరి ఘాటు ఎక్కుతుండగా రేడియేటరు గొట్టం పగిలింది. ఆవిరి కళ్ళకు కనబడేదాకా బండి ఆపకపోవడం పూర్తిగా నా తప్పు. అలా వేడెక్కి వంగిన హెడ్డు అడుగును చదును చేయడానికి (దీన్నే ఫేసింగ్ అంటారు) ఎంత కోయించాలి, దాని కింద ఏ గాస్కెట్ వేయాలి అన్నవి వేరువేరు ప్రశ్నలని అనుకుని పని మొదలుపెట్టాను. అలా అనుకున్నందుకే ఒక గాస్కెట్ డబ్బు, పది రోజుల కాలం వృథా అయ్యాయి. ఇదే పని చేయబోయేవారు ఆ రెండూ పోగొట్టుకోకూడదని కొలతలన్నీ ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

దశ 1: విప్పకముందు

ఇంజను వేడిగా ఉండగా మూడు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి పట్టి కంప్రెషన్, అంటే సిలిండరులో గాలి ఎంత ఒత్తిడికి నలుగుతుందో, చదరపు సెంటీమీటరుకు కిలోలలో కొలిచాను.

1. మొదటి సిలిండరు: 10.5 కిలోలు.
2. రెండవది: 6.0 కిలోలు.
3. మూడవది: 6.5 కిలోలు.

పక్కపక్కనున్న రెండు సిలిండర్లు ఒకేసారి పడిపోయాయంటే వాటి మధ్య గోడ మీద గాస్కెట్ కాలిపోయి ఉండవచ్చు. ఒక్కొక్క సిలిండరులో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్ళీ కొలిస్తే రెండు, మూడు కదల్లేదు గానీ మొదటిది 11.5కి పెరిగింది. అంటే రెండు, మూడులో గాలి రింగుల పక్కనుంచి పోవడం లేదు, పైనుంచి పోతోంది. మొదటిదానిలో మాత్రం రింగులు కూడా అరిగాయి. ఈ రెండో పరీక్షకు పది నిమిషాలే పట్టింది, కానీ హెడ్డుతో పాటు బోరింగు (అరిగిన సిలిండర్లను లోపల కోసి వెడల్పు చేయడం) కూడా చేయించాలన్న నిర్ణయం దాని వల్లనే తీసుకున్నాను.

దశ 2: విప్పడం, వంపు కొలవడం

హెడ్డు బోల్టులను ఇంజను రాత్రంతా చల్లారాక, చివరలనుంచి మధ్యకు, మూడు విడతలుగా వదులు చేశాను. వేడి మీద విప్పితే ఉన్న వంపుకు తోడు కొత్త వంపు వస్తుంది.

గాస్కెట్ రెండు, మూడు సిలిండర్ల మధ్య నల్లగా కాలి, అగ్గిపుల్ల వెడల్పున తెగిపోయి ఉంది. అంతకంటే నన్ను కలవరపెట్టినవి నీళ్ళ రంధ్రాల అంచులు. అల్యూమినియం చెదలు తిన్న చెక్కలాగా గుంటలు పడి ఉంది. మాది లాసన్స్ బే కాలనీ. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, వాటినే ఏళ్ళ తరబడి రేడియేటరులో పోశాం. ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్డు, వాటి మధ్య ఉప్పునీరు కలిస్తే బ్యాటరీకి కావలసినవన్నీ సమకూరినట్టే, అందులో కరిగిపోయేది అల్యూమినియమే.

ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్పాలి. అంటుకుపోయిన పాత గాస్కెట్ పొరను తొందరగా వదిలించాలని డ్రిల్లుకు రాపిడి చక్రం తగిలించి నడిపాను. రెండు నిమిషాల్లో తళతళలాడింది. తర్వాత కొలిస్తే అదే చోట 0.03 మి.మీ. పల్లం. పైగా ఆ చక్రం నుంచి రాలే పొడి బ్లాకులోకి జారితే బేరింగులను తినేస్తుంది. మిగిలినదంతా షేవింగు బ్లేడు, చెక్క పుల్ల, డీజిలుతో గంటన్నర కూర్చుని గీకాను.

వంపు కొలిచిన తీరు ఇది.

1. స్ట్రెయిట్ ఎడ్జిని (తిన్నని అంచుగల ఉక్కు బద్దను) పొడవునా రెండు అంచుల మీద, అడ్డంగా రెండు చోట్ల, మూలనుంచి మూలకు రెండు వైపుల, మొత్తం ఆరు దిక్కుల పెట్టాలి.
2. ప్రతి దిక్కులోనూ కింద దూరే అతి మందమైన ఫీలర్ గేజి (తెలిసిన మందంగల సన్నని రేకుల కట్ట) ఆకును రాసుకోవాలి.
3. ఆకు బలవంతంగా కాక, కొద్దిపాటి ఒరిపిడితో దూరాలి.

పొడవునా నడిమధ్యలో 0.14 మి.మీ., మూలలకు 0.12, అడ్డంగా 0.03 వచ్చింది. మాన్యువల్ ప్రకారం 0.05 దాటకూడదు.

కోయించే ముందు చూడవలసింది ఇంకొకటి ఉంది. ఈ హెడ్డులో వాల్వులను తెరిచే ఇరుసు అయిన కామ్‌షాఫ్ట్ నేరుగా హెడ్డు లోహంలోని రంధ్రాల్లోనే తిరుగుతుంది. అడుగు వంగినప్పుడు ఆ రంధ్రాల వరుస కూడా వంగి ఉంటే, అడుగు మాత్రమే చదును చేసి లాభం లేదు. రాకర్లు తీసేసి, నూనె రాసి, కామ్‌షాఫ్ట్‌ను వేళ్ళతో తిప్పాను. ఎక్కడా పట్టకుండా తిరిగింది. పట్టి ఉంటే ఈ హెడ్డును పక్కన పెట్టి ఉండేవాణ్ణి.

ఖర్చు ఇప్పటివరకు: 240 రూపాయలు.

దశ 3: బ్లాకు

మొదటి సిలిండరు పైభాగంలో 0.13 మి.మీ. అరుగుదల ఉంది. 68.5 మి.మీ. బోరును 0.50 పెంచి 69.0 చేయించి, ఆ సైజు పిస్టన్లు, రింగులు తెచ్చాను. బ్లాకు పైతలం వంపు 0.03 మాత్రమే ఉంది కనుక దాన్ని ముట్టుకోలేదు.

బోరింగు నుంచి వచ్చిన బ్లాకును ఒక రాత్రి వరండాలో గోనె కప్పి వదిలేశాను. తెల్లారేసరికి మూడు సిలిండర్ల లోపలా పసుపు పూసినట్టు తుప్పు. సముద్రపు గాలికి కొత్తగా కోసిన ఇనుము పన్నెండు గంటలు కూడా ఆగలేదు. అదృష్టవశాత్తు నూనె గుడ్డతో తుడిస్తే పోయింది. ఈ ఊళ్ళో బ్లాకు ఇంటికి వచ్చిన అయిదు నిమిషాల్లో నూనె పూసి, ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టాలి.

ఖర్చు: 7,850. మొత్తం: 8,090.

దశ 4: గదుల ఘనపరిమాణం

అందరూ దాటవేసే దశ ఇదే. గాస్కెట్ ఎంపికకు ఆధారం కూడా ఇదే.

1. వాల్వులు, ప్లగ్గు బిగించిన హెడ్డును తలకిందులు చేసి, దహన గది అంచుకు పలుచగా గ్రీజు రాసి, ఒక రంధ్రం చేసిన అక్రిలిక్ పలకను అదిమాను.
2. ప్రయోగశాల సామాన్ల దుకాణంలో కొన్న 50 మి.లీ. బ్యూరెట్‌తో, రంగు కలిపిన స్పిరిట్‌ను ఆ రంధ్రంగుండా గాలి బుడగ మిగలకుండా నింపాను.
3. ప్రతి గదినీ మూడుసార్లు కొలిచి సరాసరి తీశాను.

వచ్చిన అంకెలు వరుసగా 28.6, 28.4, 28.9 సీసీ. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు బ్లాకు పైతలానికి కింద మిగిలే చోటును కూడా అదే పలకతో కొలిస్తే 1.4 సీసీ. పాత గాస్కెట్ మంటరింగు (సిలిండరు రంధ్రం చుట్టూ ఉండే ఇనుప అంచు) పక్కన నలిగిన మందం 1.20 మి.మీ., రంధ్రం 70.0 మి.మీ., అంటే 4.6 సీసీ.

కంప్రెషన్ నిష్పత్తి కట్టే సూత్రం తేలికైనది. సిలిండరు ఘనపరిమాణానికి మిగులు చోటు కలిపి, ఆ మొత్తాన్ని మిగులు చోటుతో భాగించాలి. పాత బోరుకు సిలిండరు 265.3 సీసీ, మిగులు చోటు 28.6, 4.6, 1.4 కలిపి 34.6, కనుక నిష్పత్తి 8.67. మాన్యువల్‌లో 8.7 అని ఉంది. ఈ సరిపోలిక చూశాకే నా కొలతల మీద నాకు నమ్మకం కుదిరింది. కొత్త బోరుకు సిలిండరు 269.2 సీసీ, కనుక హెడ్డును ముట్టుకోకపోయినా నిష్పత్తి 8.78 అవుతుంది.

తర్వాత గది అంచుకు సిరా పూసి గ్రాఫు కాగితం మీద అచ్చు తీసి గళ్ళు లెక్కపెడితే 31 చదరపు సెంటీమీటర్లు వచ్చింది. అంటే హెడ్డు నుంచి 0.10 మి.మీ. తీసిన ప్రతిసారీ గది 0.31 సీసీ తగ్గుతుంది. ఈ ఒక్క అంకె గోడ మీద రాసి పెట్టుకుంటే తర్వాతి బేరమంతా సులువవుతుంది.

ఖర్చు: 430. మొత్తం: 8,520.

దశ 5: మొదటి ఫేసింగ్, అది చెడిన తీరు

గాజువాక ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపుకు హెడ్డు ఇచ్చాను. "చదును చేసి ఇవ్వండి" అన్నాను తప్ప ఎంత తీయాలో, తలం ఎంత నునుపుగా ఉండాలో కాగితం మీద రాసి ఇవ్వలేదు. మరునాడు 0.20 మి.మీ. తీసి ఇచ్చారు.

మా వీధిలోనే ఉండే బాబాయ్ గారు ఒక కర్మాగారంలో ముప్ఫై ఏళ్ళకు పైగా టర్నరుగా చేసి రిటైరయ్యారు. నేను స్ట్రెయిట్ ఎడ్జి తీసేలోపే ఆయన కళ్ళజోడు పైకి నెట్టి, చూపుడు వేలి గోరును తలం మీద అడ్డంగా లాగారు. గాజుల మీద పుల్ల లాగినట్టు టకటకమని చప్పుడైంది. "గోరుకి దొరికిన గీత నీళ్ళకి దొరకదేటి బాబూ?" అన్నారు. ఆయన దాచుకున్న నునుపు నమూనా పలకలతో పోల్చి చూస్తే మా హెడ్డు గరుకు వరుసలో చివరన ఉంది. కత్తి తిరిగే వేగానికి మించి టేబులు ముందుకు నడిచిందన్నమాట.

అంతకంటే పెద్ద లోపం కొలతలో బయటపడింది. కోశాక కూడా వంపు 0.06 ఉంది. వంగిన హెడ్డును కింద ఏ ఆధారమూ సర్దకుండా రెండు చివరలా క్లాంపులతో బలంగా బిగిస్తే, అది బిగింపు కింద తాత్కాలికంగా చదునవుతుంది. అలా ఉండగా కోసి క్లాంపులు వదిలితే వెనక్కి తన్నుతుంది. యంత్రం సరిగానే కోసింది, కోయించుకున్న హెడ్డు మాత్రం ఆ సమయంలో తన సహజ ఆకారంలో లేదు.

తీసిన లోహం: 0.20 మి.మీ. ఖర్చు: 800. మొత్తం: 9,320.

దశ 6: ప్రెషర్ టెస్టు, రెండవ ఫేసింగ్

ప్రెషర్ టెస్టు ఫేసింగ్ కంటే ముందు చేయించాలి. నాకు ఆ సంగతి తర్వాత తట్టింది. వేడెక్కిన హెడ్డు వాల్వు సీట్ల మధ్య పగిలి ఉంటే 800 రూపాయలు బూడిదలో పోసినట్టే. నీళ్ళ దారులను రబ్బరు పలకలతో మూసి, 3 కిలోల గాలి పెట్టి, వేడి నీళ్ళ తొట్టిలో 20 నిమిషాలు ముంచారు. సీట్ల మధ్య బుడగ రాలేదు. చివరనున్న, నీళ్ళ దారిని మూసే ఒక బిళ్ళ అంచున మాత్రం సన్నగా బుడగలు వరుస కట్టాయి. ఆ బిళ్ళ మార్పించాను.

రెండవసారి వేరే వర్క్‌షాపుకు, ఈసారి చీటీతో వెళ్ళాను. చీటీలో ఉన్నది ఇది.

1. హెడ్డును మూడు చోట్ల ఆనించి, ఖాళీలలో షిమ్ములు (పలుచని రేకులు) పెట్టి, ఊగకుండా కూర్చున్నాకే క్లాంపులు తేలికగా బిగించాలి.
2. కోతకు ముందు డయల్ గేజితో నాలుగు మూలల తేడా 0.02 లోపు ఉండాలి.
3. చివరి కోత 0.03 మాత్రమే, నెమ్మదిగా, మధ్యలో ఆపకుండా ఒకే పట్టున పూర్తి కావాలి.
4. మొత్తం 0.12 దాటే అవసరం వస్తే ఫోను చేయాలి.

0.08, ఆపైన 0.03, మొత్తం 0.11 తీశారు. వంపు ఆరు దిక్కులా 0.02 లోపే వచ్చింది. గోరు ఎక్కడా ఆగలేదు. నీళ్ళ రంధ్రాల గుంటలు దాదాపు పోయాయి గానీ మూడవ సిలిండరు పక్కన ఒకటి 0.04 లోతున, మంటరింగు కూర్చునే గుర్తుకు 3 మి.మీ. దూరంలో మిగిలింది. దాన్ని కూడా పోగొట్టడానికి ఇంకో కోత వేయించాలా అని బాబాయ్ గారూ నేనూ ఒక సాయంత్రమంతా వాదించుకున్నాం. ఆయన కోయించమన్నారు. నేను వద్దన్నాను, కారణం తర్వాతి దశలో ఉంది.

తీసిన లోహం మొత్తం: 0.31 మి.మీ. గదులు: 27.6, 27.4, 27.9 సీసీ. గ్రాఫు లెక్క ప్రకారం 0.96 సీసీ తగ్గాలి, బ్యూరెట్ 1.0 చూపింది. ఖర్చు: 1,100. మొత్తం: 10,420.

దశ 7: గాస్కెట్

మొదటి గాస్కెట్‌ను నేను హెడ్డు విప్పిన రోజే 260 రూపాయలకు కొనేశాను. ఇప్పుడు వెర్నియర్ పెట్టి చూస్తే దాని మంటరింగు రంధ్రం ఒకచోట 68.9 మి.మీ., బోరేమో 69.0. అంటే ఇనుప అంచు సిలిండరు లోపలికి పొడుచుకు వస్తుంది. అది మంటకు ఎర్రగా కాలి, పెట్రోలును ప్లగ్గు కంటే ముందే అంటిస్తుంది. బోరు పెంచిన ఇంజనుకు గాస్కెట్ రంధ్రం బోరు కంటే చుట్టూ కనీసం అర మిల్లీమీటరు పెద్దదిగా ఉండాలని నేను పెట్టుకున్న నియమం.

తర్వాత మూడు గదులనూ సమానం చేశాను. మొదటి రెండు గదులలో కోతవల్ల పదునెక్కిన అంచులను సన్నని ఎమరీ కాగితంతో గుండ్రం చేసి, మూడూ 27.9కి తెచ్చాను. పదును పోవడం వల్ల అక్కడ వేడి నిలవదు, నిష్పత్తి కూడా కొద్దిగా దిగుతుంది.

ఇక నా ముందున్న దారులు ఇవి.

1. గ్రాఫైటు పూత గల కాంపోజిట్ గాస్కెట్, నలిగాక 1.20 మి.మీ., రంధ్రం 70.0. మిగులు చోటు 33.9 సీసీ, నిష్పత్తి 8.94.
2. ఉక్కు రేకుల పొరల గాస్కెట్, 0.70 మి.మీ., రంధ్రం 70.5. మిగులు చోటు 32.0 సీసీ, నిష్పత్తి 9.41.
3. రెండు కాంపోజిట్ గాస్కెట్లు ఒకదాని మీద ఒకటి. మిగులు చోటు 38.5 సీసీ, నిష్పత్తి 7.99.

మూడవది నా ఆలోచన కాదు. విడిభాగాల కొట్టులో కుర్రాడు "పేసింగు ఎక్కువైపోతే రెండు ఏసేయండి సార్, అందరూ అలాగే ఏస్తారు" అన్నాడు. నిష్పత్తి 8కి పడిపోయిన ఇంజను ఘాటు మీద ఈడ్చుకుంటూ నడుస్తుంది. అదీకాక రెండు గాస్కెట్ల మధ్య లీకు కావడానికి ఇంకో తలాన్ని మనమే తయారు చేసి ఇచ్చినట్టవుతుంది.

ఉక్కు రేకుల గాస్కెట్ నిజంగా మంచి వస్తువు. పేలుడు ఒత్తిడికి కాలిపోదు, బిగింపు సడలదు. కానీ అది తలంలోని లోపాలను పూడ్చదు, అద్దంలాంటి తలాన్నే కోరుతుంది. నా హెడ్డు మీద 0.04 గుంట మిగిలింది, నా బ్లాకు తలాన్ని నేను కోయించనే లేదు. దాన్ని వేయాలంటే హెడ్డు నుంచి ఇంకో 0.05, బ్లాకు నుంచి 0.05 తీయాలి. అప్పుడు నిష్పత్తి సుమారు 9.5 అవుతుంది. చేతితో టైమింగు పెట్టుకునే పాత కార్బ్యురేటర్ బండికి, ఏప్రిల్ ఎండలో సింహాచలం కొండ ఎక్కేటప్పుడు అది టకటక కొట్టకుండా (పెట్రోలు తనంతట తానే అంటుకుని చప్పుడు చేయకుండా) ఉండదు. కాంపోజిట్ గ్రాఫైటు మెత్తనిది, ఆ చిన్న గుంటలోకి తానే ఒదుగుతుంది. మూడో కోత వద్దని నేను వాదించింది అందుకే. తొలి ఫేసింగ్ ఇచ్చిన గరుకును మాత్రం కాంపోజిట్ కూడా కాయలేదు.

590 రూపాయలకు మొదటిరకాన్ని, కొట్టులోనే వెర్నియర్‌తో మూడు రంధ్రాలూ కొలిచి తెచ్చాను. జిగురు, షెల్లాక్ వంటివేవీ పూయలేదు.

ఖర్చు: 260, 590. మొత్తం: 11,270.

దశ 8: బిగింపు

పాత గాస్కెట్ పెట్టి, పిస్టన్ల మీద 4 మి.మీ. మట్టి పొర అంటించి, హెడ్డు బిగించి క్రాంకును (పిస్టన్లను ఆడించే ఇరుసును) చేతితో రెండు చుట్లు తిప్పాను. వాల్వుల గుర్తు లీలగా మాత్రమే పడింది. 0.31 తగ్గినా తగిలే ప్రమాదం లేదని తేలింది.

ఆ బిగింపులోనే ఒక బోల్టు చివర్లో వెన్నలా జారినట్టు అనిపించింది. అనుమానం అరువు తెచ్చిన టార్క్ రెంచి (పెట్టిన బిగింపు బలం రాగానే టక్కుమనే పానా) మీదికి పోయింది. దాన్ని వైసులో అడ్డంగా బిగించి, 5.5 కిలోగ్రామ్-మీటర్ల బిగింపుకు పెట్టి, ఇరుసు నుంచి 45 సెం.మీ. దూరంలో బకెట్ వేలాడదీసి, మగ్గుతో నీళ్ళు పోస్తూ వచ్చాను. 12.2 కిలోల దగ్గర "టక్" మనాలి. అనలేదు. అన్నాక ఆ బకెట్‌ను వీధి చివర పాత పేపర్ల కొట్టు కాటా మీద పెడితే 14.1 కిలోలు. అంటే రెంచి 5.5 అంటున్నప్పుడు నిజంగా పడుతున్నది 6.3కి పైనే. మాన్యువల్ పరిమితి 5.5 నుంచి 6.0. రెంచిని 4.8కి పెడితే 12.3 కిలోల దగ్గర పలికింది. ఆ గుర్తునే వాడాను. సాగిన బోల్టును ఒక్కదాన్నే కాక మొత్తం సెట్టు మార్చాను.

1. బ్లాకులోని బోల్టు రంధ్రాలను అదే సైజు ట్యాపుతో శుభ్రం చేసి గాలి కొట్టాను. అడుగున నూనె నిలిచి ఉంటే బోల్టు బిగిసినట్టు నటిస్తుంది, బ్లాకు పగిలే ప్రమాదం కూడా ఉంది.
2. బోల్టు మరలకు, తల కిందా ఒక్కొక్క చుక్క నూనె.
3. మధ్యనుంచి చివరలకు, 2.0, 4.0, 5.5గా మూడు విడతలు.

హెడ్డు దిగడం వల్ల టైమింగు బెల్టు బిగుతు వైపు పొడవు అంతమేరకు తగ్గి, కామ్ కొద్దిగా వెనకబడుతుంది. కామ్ పుల్లీ వ్యాసం సుమారు 11 సెం.మీ. కనుక లెక్క ప్రకారం క్రాంకు మీద 0.6 డిగ్రీలే. దానికోసం ఏమీ మార్చలేదు.

బోల్టులు, బెల్టు, కూలెంట్, ఇంజనాయిలు: 2,820. మొత్తం: 14,090.

దశ 9: నడిపాక

ఫ్యాను రెండుసార్లు తిరిగేదాకా ఇంజను నడిపి, రాత్రంతా చల్లార్చి, గాస్కెట్ పొట్లం మీద రాసిన ప్రకారం బోల్టులను మళ్ళీ చూశాను. మధ్యనున్న మూడు కొద్దిగా తిరిగాయి, మిగిలినవి కదల్లేదు.

40 కి.మీ. వద్ద: కూలెంట్ డబ్బా మీద గీసిన గీతకు 3 మి.మీ. దిగింది. గాలి బుడగలు బయటికి పోయినందువల్లే అనుకుని గీత దాకా నింపాను.

300 కి.మీ. వద్ద: మట్టం దిగలేదు. కంప్రెషన్ 12.3, 12.1, 12.3 కిలోలు. సింహాచలం కొండ మూడో గేరులో ఎక్కుతుంటే సన్నగా టకటక వినిపించింది. ఇగ్నిషన్ టైమింగు 2 డిగ్రీలు వెనక్కి తిప్పాక ఆగింది.

800 కి.మీ. వద్ద: కూలెంట్ మట్టం అదే. నూనె పుల్ల మీద తెల్లటి నురగ లేదు. గాస్కెట్ అంచు చుట్టూ తెల్ల కాగితం తిప్పి చూస్తే ఎక్కడా చెమ్మ అంటలేదు. డిస్ట్రిబ్యూటరు వైపు మాత్రం హెడ్డు చివర నూనె చెమర్చుతోంది. అక్కడి సీలును విప్పినప్పుడే మార్చవలసింది, పాతదాన్నే పెట్టాను. కొత్తది తెచ్చి ఉంచాను, 60 రూపాయలు. మొత్తం: 14,150.